చుట్టాలొస్తే పెట్టే ప్లేట్లు

ఈ ఉగాదికి అటక దులిపే పని నా పాలబడింది. పోయినసారి బావి గురించి రాసినప్పుడు "అటక మీద ఏముందో అదీ చూసి రాయి" అని చిన్నత్త అడిగింది కదా, ఇదిగో రాస్తా ఉన్నాను.

అటక మీద ఇనప ట్రంకు ఒకటి, దాని పక్కన శెనక్కాయల గోతాముల్లో చుట్టిన రెండు చెక్క డబ్బాలు దొరికినాయి. డబ్బాలు మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి, చిన్నాయన స్టీరియో స్పీకర్లు. ట్రంకు నిండా ప్లేట్లు. మన ఇంట్లో రికార్డు అనే మాట ఎవరూ అనరు, ప్లేటు అనే అంటారు. లెక్కబెడితే లక్క ప్లేట్లు ముప్పై ఒకటి, పెద్ద ఎల్పీలు ఇరవై రెండు, 45 స్పీడు చిన్న ప్లేట్లు పద్నాలుగు. లక్కవాటిలో ఆరు పగిలిపోయినాయి. పగిలిన ముక్కలను కూడా అవ్వ చీర గుడ్డలో మూట గట్టి పెట్టుకోనుంది.

ప్లేటును వెలుతురుకు అడ్డంగా పట్టుకొని చూస్తే దాని చరిత్ర దానిమీదే కనపడుతుంది. సూది ఎక్కువసార్లు తిరిగిన చోట నలుపు తగ్గి బూడిదరంగు తేలుతుంది. ఎల్పీల్లో చాలావాటికి అంచు నుంచి వేలెడంత మేర మాత్రమే బూడిద, ఆపైన కొత్తదాని మాదిరి నిగనిగ. రెండో పక్క తిప్పి చూస్తే అసలు సూదే పడినట్టు లేదు. అవ్వ లక్క ప్లేట్లు అట్ల లేవు. అంచు నుంచి నడిమి కాగితం దాకా, రెండు పక్కలా, ఒక్కటే తీరుగా అరిగిపోయినాయి. ఎల్పీలు చుట్టాలకు పెట్టినవి. లక్క ప్లేట్లు అవ్వ తనకోసం పెట్టుకున్నవి. నేను రాయాలనుకున్నది ఈ తేడా గురించే.

మొదటి పెట్టె మన ఇంటికి ముత్తాత కాలంలో వచ్చింది. చేత్తో కీ తిప్పే గ్రామఫోను, పైన ఇత్తడి గొట్టం. ఏ సంవత్సరమో ఎవరూ రాసి పెట్టలేదు. మన పావగడ అప్పుడు మైసూరు సంస్థానం, చుట్టూ ఉండే మడకశిర, పెనుకొండ, కల్యాణదుర్గం అంతా మద్రాసు ప్రెసిడెన్సీ. మాట తెలుగు, రాజు మైసూరాయన. పెట్టెలో పాడేది కూడా రెండు దిక్కుల నుంచీ వచ్చేది. మద్రాసు నుంచి తెలుగు నాటక పద్యాలు, బెంగుళూరు నుంచి జావళీలు, కన్నడ దేవరనామాలు.

ఆ కాలంలో చుట్టాలకు ఏ ప్లేటు పెట్టాల అనే ప్రశ్నే లేదు. పెట్టెలో మనిషి లేకుండా గొంతు రావడమే వింత, ఏది పెట్టినా నోరు తెరిచి వినేవాళ్ళు. మన దేశంలో గ్రామఫోను కంపెనీవాళ్ళు మొదట పాటలు పట్టింది 1902 నవంబరులో, కలకత్తాలో. ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే దొర వచ్చి హోటలు గదిలో సామాను పరిచి గౌహర్ జాన్ గానాన్ని పట్టినాడు. పాట అయిపోతూనే ఆమె ఇంగ్లీషులో తన పేరు చెప్పేది. ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో కాబట్టి, అక్కడివాళ్ళు కాగితం మీద పేరు సరిగ్గా వేసుకోవడానికని ఆ ఏర్పాటు. అచ్చుపని గుర్తు కోసం చెప్పిన ఆ మాటే జనానికి పాట కంటే ఎక్కువ నచ్చింది. చుట్టాలను పిలిచి "ఇంకా ఉండండి, ఆఖర్లో పేరు చెప్తుంది" అని కూర్చోబెట్టినవాళ్ళు దేశమంతా ఉండి ఉంటారు. ఆ గౌహర్ జాన్ చివరికి మన మైసూరుకే వచ్చింది. నాల్వడి కృష్ణరాజ ఒడెయరు 1928లో ఆమెను ఆస్థానంలో పెట్టుకున్నారు, 1930 జనవరి 17న మైసూరులోనే పోయింది.

1908లో కలకత్తా సియాల్దాలో కంపెనీ ఫ్యాక్టరీ పెట్టినాక ప్లేట్ల అచ్చు ఇక్కడే మొదలయింది, తర్వాత దమ్‌దమ్‌కు మారింది. ప్లేటుకు కావలసిన లక్క ఎట్లాగూ మన అడవి చెట్ల మీది పురుగు చేసేదే. గాజులకు, సీళ్ళకు, భారతంలో దుర్యోధనుడి ఇంటికి వాడిన ఆ లక్కే. దాంట్లో రాతి పొడి, మసి కలిపి నొక్కితే ప్లేటు. పది అంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది, ఒక పక్క మూడు నిమిషాలకు కాస్త ఎక్కువ. ఉక్కు సూది ఒక పక్కకు ఒకటి, రెండో పక్కకు మార్చాల. రంగస్థలం మీద పావు గంట సాగే పద్యాన్ని మూడు నిమిషాలకు కుదించి పాడమంటే నటులు ఎంత అవస్థపడి ఉంటారో! రాగం గుక్క తిప్పుకునే లోపల ప్లేటు అయిపోయేది. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు లాంటివాళ్ళు ఆ మూడు నిమిషాల్లోనే ఊరూరికీ పోయినారు. స్థానంవారిని రంగస్థలం మీద చూడనివాళ్ళు కూడా మన దిక్కున ఆయన పద్యం పాడేవాళ్ళు. మడకశిర సంతలో విన్న ప్లేటే వాళ్ళకు నాటకం.

ఇక్కడ ఒక పెద్దాయన సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ప్లేట్లు పోగేసుకోవడంలో మన తాతలను, చిన్నాయనలను కలిపినా ఆయన కాలిగోటికి రారు. మన రాజే, జయచామరాజేంద్ర ఒడెయరు.

1919లో పుట్టినారు. పియానో వాయించి బతకాలని కోరిక. 1940లో తండ్రీ, పెదనాయనా అదే ఏట పోవడంతో ఇరవై ఒక్క ఏండ్లకు గద్దె మీద కూర్చోవాల్సి వచ్చింది. వాయించే యోగం పోయి వినే యోగం మిగిలింది. ఆయన దగ్గర ఇరవై వేల దాకా ప్లేట్లు ఉండేవని లెక్క. లండన్ గ్రామఫోను కంపెనీలో పెద్ద నిర్మాత వాల్టర్ లెగ్ మైసూరుకు వచ్చి, ఆ ప్లేట్ల భండారాన్ని, రకరకాల లౌడ్‌స్పీకర్లను, బారులు తీరిన పెద్ద పియానోలను చూసి బిత్తరపోయినాడు. పాటలు పట్టే కంపెనీ మనిషికే కొత్తగా కనపడే ఇల్లు అది!

నాకు నచ్చింది ఆ భండారం కాదు, ఆయన ఎంచుకున్న ప్లేట్లు. నికొలాయ్ మెట్నర్ అని రష్యా దేశపు సంగీతకర్త, ముసలితనంలో జబ్బుపడి లండన్‌లో ఉండినాడు. ఆయన సంగీతాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. మన రాజు సొంత డబ్బుతో ఆయన చేతనే ఆయన సంగీతం వాయింపించి ప్లేట్లుగా చేయించినారు. మెట్నర్ తన మూడో పియానో కచేరీ రచనను మైసూరు మహారాజుకు అంకితమిచ్చి, 1951లో పోయినాడు. ఇంకొకటి. జర్మనీ సంగీతకర్త రిహార్డ్ స్ట్రౌస్ రాసిన ఆఖరి నాలుగు పాటలను 1950 మే 22న లండన్ ఆల్బర్ట్ హాలులో మొదటిసారి పాడినారు. ఆ కచేరీకి పూచీగా 4,800 డాలర్లు కట్టింది జయచామరాజేంద్ర ఒడెయరే. తాను పోలేకపోయినారు. తనకోసం దాన్ని పట్టి ప్లేట్లుగా మైసూరుకు పంపాలని, అంతే షరతు. అప్పటికి సంస్థానం భారతదేశంలో కలిసిపోయింది, పన్నులు వసూలు చేసుకునే రాజు కాదు ఆయన. ఆ సంగీతం విని మెచ్చుకునే చుట్టం మైసూరులో ఎంతమంది ఉండి ఉంటారు? ఎవరికీ చూపించి మెప్పించలేని ప్లేట్ల మీద అంత ఖర్చు పెట్టినారు. ఆయనే కర్ణాటక సంగీతంలో తొంభై నాలుగు కృతులు కూడా రాసినారు. 1974 సెప్టెంబరులో పోయినారు.

మన ఇంటికి స్టీరియో వచ్చింది ఆ తర్వాత రెండు మూడేండ్లకు.

స్టీరియో అనేది కూడా ఆ కుక్క బొమ్మ కంపెనీలోనే పుట్టింది. అలన్ బ్లూమ్‌లైన్ అనే ఇంజనీరు భార్యతో సినిమాకు పోయినాడంట. తెర మీద మనిషి ఈ చివర్నుంచి ఆ చివరకు నడుస్తా ఉంటే గొంతు మాత్రం ఒకే చోట నుంచి వస్తా ఉంది. దీన్ని నేను సరిచేస్తానని ఆమెతో అన్నాడని చెప్తారు. 1931 డిసెంబరులో పేటెంటుకు అర్జీ పెట్టినాడు. ఆయన ఆలోచన సేద్యం చేసేవాళ్ళకు సులువుగా అర్థమవుతుంది. నాగటిచాలుకు రెండు గట్లు ఉంటాయి కదా, ప్లేటు మీది గాడికీ రెండు గోడలు. ఎడమ చెవి శబ్దం ఒక గోడ మీద, కుడి చెవిది ఇంకో గోడ మీద. ఒకటే సూది రెండు గోడలనూ తడుముతా పోతుంది. దాన్ని పరీక్షించడానికి 1935లో ఆయన మనుషులు హేస్ అనే ఊళ్ళో ఫ్యాక్టరీ కిటికీలోంచి రైల్వే స్టేషన్ వైపు కెమెరా, మైకులు పెట్టి, వచ్చే పొయ్యే రైళ్ళను పట్టినారు. ఇరవై రెండేండ్ల తర్వాత, 1957లో, అమెరికాలో ఆడియో ఫిడెలిటీ అనే కంపెనీ మొదటి స్టీరియో ప్లేటు తెచ్చినప్పుడు ఒక పక్క బ్యాండు మేళం, రెండో పక్క మళ్ళీ రైళ్ళే. ఎడమ నుంచి కుడికి పొయ్యే దానికి రైలును మించింది ఏముంది? దాంతో కొత్త స్టీరియో కొన్న ప్రతివాడి ఇంట్లోనూ ఒక రైలు ప్లేటు తప్పనిసరి అయింది.

మన చిన్నాయన కూడా రైలు ప్లేటుతోనే దిగినాడు.

బెంగుళూరులో చదివి, అక్కడే కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, ఆ జీతం దాచి కొన్న సెట్టు. విదేశానికి పోయివచ్చిన స్నేహితుడెవరో ఇచ్చిన పరీక్ష ప్లేటు దాంతోపాటు తెచ్చినాడు. దాని అట్ట చినిగిపోయింది, నడిమి కాగితం చెరిగిపోయింది, ఏ కంపెనీదో తెలియదు. అందులో రైలు, బల్ల మీద ఆడే టెన్నిసు బంతి టకటకలు, ఎవరో మెట్లు దిగే చప్పుడు. ఇప్పుడు పట్టుకొని చూస్తే ఆ రైలు భాగం బూడిద కూడా కాదు, దాదాపు తెలుపు. ట్రంకులో అన్నింటికంటే ఎక్కువ అరిగిన ప్లేటు అదే.

పావగడకు రైలు లేదు. ఇంజను చూడాలంటే హిందూపురం పోవాల, లేదంటే పెనుకొండ. తుమకూరు పోయే బస్సు కూడా కొంత దూరం ఆంధ్రలో దూరి మళ్ళీ బయటపడేది. అట్లాంటి ఊళ్ళో, కరెంటు ఉండే సాయంత్రాల్లో, మన పడసాలలో రైలు పొయ్యేది. ఎడమ డబ్బా వీధి కిటికీ దగ్గర, కుడి డబ్బా దేవుని గదివైపు గోడకు. రైలు వీధిలోంచి వచ్చి దేవుని గదిలోకి పొయ్యేది. హొసకోట నుంచి పట్టుచీరల మూటతో వచ్చే నేతగాడు ఒకాయన మొదటిసారి విని లేచి నిలబడి దేవుని గది తలుపు తెరిచి చూసినాడని మన ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు.

కరెంటు ఉండే సాయంత్రాల్లో అన్నాను కదా, అదీ చెప్పాల. బోరు మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ చేసినారంటే ఓల్టేజి పడిపొయ్యేది. ప్లేటు నెమ్మదించి ఘంటసాల గొంతు ఆవులించినట్టు సాగేది. చిన్నాయన ఒక స్టెబిలైజరు తెచ్చి పెట్టినాడు, అది ప్లేటు కంటే ఎక్కువ గుర్రుమనేది. అందుకని చుట్టాలను రమ్మని పిలిచేముందు తోటల్లోకి ఒక మనిషిని పంపి "ఇంకో గంట మోటారు వెయ్యొద్దండి" అని చెప్పించిన రోజులు కూడా ఉన్నాయంట. వింటే నవ్వొస్తుంది గానీ, కాయ ఊరే కాలంలో శెనగచేనుకు ఒక గంట నీళ్ళంటే ఏమిటో మన దిక్కున అందరికీ తెలుసు.

ఏ చుట్టానికి ఏ ప్లేటు అనేదానికి చిన్నాయన దగ్గర ఒక లెక్క ఉండేది. ఎవరొచ్చినా మొదట రైలు. ఆ తర్వాత మనిషిని బట్టి.

తాలూకా ఆఫీసు నుంచి అధికారులు వస్తే కన్నడ ప్లేటు. రాజ్‌కుమార్ సినిమా పాట పెట్టి, వాళ్ళు తల ఊపుతా ఉంటే మెల్లగా చెప్పేవాడు: "పాడింది పి.బి. శ్రీనివాస్, మా వాడే, కాకినాడలో పుట్టినాడు." కన్నడం వాళ్ళు ప్రాణం పెట్టుకున్న గొంతు తెలుగువాడిదని చెప్పడంలో ఆయనకొక సంతోషం. మన పావగడవాళ్ళకు అది అలవాటే. ఆఫీసులో కన్నడం, ఇంట్లో తెలుగు, రెండిటినీ కలిపే మనిషి ఎవరు దొరికినా వదలం. వాళ్ళు కూడా ఏమీ అనుకునేవాళ్ళు కాదు, ఇంకోటి పెట్టమనేవాళ్ళు.

పెండ్లిచూపులకు వచ్చినవాళ్ళకు సుబ్బులక్ష్మి. అత్తలిద్దరి సంబంధాలూ వెంకటేశ సుప్రభాతం ఎల్పీ ముందరే కుదిరినాయి. ఆ ప్లేటు 1963లో వచ్చింది, అప్పటికే దేశమంతా తెల్లవారేది దాంతోనే. సాయంత్రం అయిదింటికి సుప్రభాతం ఏమిటని ఒక పెద్దాయన అడిగినాడంట! ఆ పెద్దాయన ఇంటికి పిల్లనివ్వలేదు, కారణం అది కాదు లెండి.

వయసు పిల్లలు వస్తే షోలే మాటల ప్లేటు. 1975 ఆగస్టు 15న సినిమా వచ్చింది. పాటలకంటే మాటలే ఎక్కువ అమ్ముడుపోతాయని కనిపెట్టి పాలిడార్ కంపెనీవాళ్ళు మాటలతోనే ఎల్పీ వేసినారు. గబ్బర్ సింగ్ తిరిగిన ఆ బండలన్నీ బెంగుళూరు అవతల మన రామనగరంవే. పావగడ కొండ కూడా అదే రకం బండ. హిందీ ఒక్క ముక్క రానివాళ్ళు కూడా ఆ మాటలు అప్పజెప్పేవాళ్ళు. ఆ తర్వాత బోనీ ఎం. అది పెట్టినప్పుడు తాత లేచి తోటకు పొయ్యేవాడు. నేను తాత పక్షమే, దాని గురించి ఇంకేమీ రాయను.

పెద్దలు, పురాణం చెప్పే అయ్యవార్లు వస్తే ఘంటసాల భగవద్గీత. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయినారు, ఆ తర్వాతే ఈ ప్లేటు ఇంటింటికీ చేరింది, అందుకని వినేవాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. రెండు డబ్బాల్లోనూ ఒకటే తీరుగా వచ్చే గొంతు, సరిగ్గా మధ్యలో కూర్చుంటే, డబ్బాల్లోంచి కాకుండా వాటి నడిమి గోడలోంచి వచ్చినట్టుంటుంది. చిన్నాయన ఆ గోడకు గీతోపదేశం పటం తగిలించినాడు. కృష్ణుడి నోట్లోంచే శ్లోకం వచ్చేది. మడకశిర నుంచి వచ్చిన ఒక అయ్యవారు పటానికి సాష్టాంగం చేసినాడు. చిన్నాయన చేసిన పనుల్లో నాకు అన్నింటికంటే నచ్చింది ఇదే.

అయితే "సరిగ్గా మధ్యలో కూర్చుంటే" అన్నాను. స్టీరియో మహిమ అంతా ఆ ఒక్క చోటే. పడసాలలో రెండు డబ్బాలకూ సమదూరంలో ఒక పేము కుర్చీ ఉండేది, నడిమి కుర్చీ అనేవాళ్ళు. తహసీల్దారు వస్తే ఆయనకు, అల్లుడొస్తే అల్లుడికి. ఇద్దరూ ఒకేసారి వస్తే ఏం చేయాలని అవ్వ దిగులుపడేది. మగవాళ్ళు దాని చుట్టూ జంపఖానా మీద. ఆడవాళ్ళు వంటింటి గడపలో, వాళ్ళకు కుడి డబ్బా బాగా వినపడేది. మన చేన్లో పనిచేసేవాళ్ళు, జీతగాళ్ళు, లోపలికి వచ్చేవాళ్ళు కాదు. వీధి తిన్నె మీద, ఎడమ కిటికీ కింద కూర్చొని వినేవాళ్ళు.

ఆ తిన్నె మీద అప్పట్లో కూర్చున్న ఒకాయన ఇప్పుడు డెబ్భై దాటినాడు. ఉగాది మరుసటి రోజు డబ్బాలు తుడుస్తా ఉంటే వచ్చినాడు. "మామా, ఇవి గుర్తున్నాయా?" అని అడిగినాను.

"రైలు డబ్బాలు కదా నాయనా. మీ రైలు మాకు వచ్చిందే గానీ ఎన్నడూ పోలేదు," అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనే చెప్పినాడు. రైలు గడగడమని కిటికీ దగ్గరికి వచ్చేది, వచ్చినట్టే వచ్చి ఆగిపొయ్యేది. లోపలివాళ్ళు ఇంకా తల తిప్పుతా ఏదో చూస్తా ఉండేవాళ్ళు, దేన్ని చూస్తున్నారో వీళ్ళకు తెలిసేది కాదు. పాటలూ అంతే. ఒక సినిమా పాట మన కిటికీ కింద ఇరవైసార్లు విన్నాడంట. ఆ తర్వాత పావగడ టెంటులో ఆ సినిమా చూస్తే, పాటలో వేణువు కూడా ఉందని తెలిసింది. "నేలటిక్కెట్టులో కూర్చుంటే పాట మొత్తం వచ్చింది నాయనా, మీ ఇంట్లో సగమే వచ్చేది." కోపంగా అనలేదు. వేణువు సంగతి గుర్తొచ్చి నవ్వినాడు కూడా.

టెంటులో ఉండేది ఒకటే స్పీకరు. తెర వెనకాల పెట్టినదాన్నుంచి కుర్చీవాడికీ, బెంచీవాడికీ, నేలవాడికీ వచ్చే పాట ఒకటే. మన పడసాలలో పాటను రెండుగా విడదీసి, రెండు సగాలూ కలిసే ఒక్క చోట ఒక్క కుర్చీ వేసినాం. ఎవరో కుట్ర చేసి చేసిన పని కాదు. తిన్నె ఎప్పటి నుంచో తిన్నె, లోపల ఎప్పటి నుంచో లోపల. చిన్నాయన డబ్బా పెట్టింది ప్లగ్గు ఎక్కడుందో చూసుకొని. అయినా మన ఇంటి గొప్ప చెప్పుకునేటప్పుడు ఇది కూడా రాయకపోతే ఆ చరిత్ర కూడా సగమే వస్తుంది.

అవ్వ సంగతి. స్టీరియో వచ్చే నాటికి పాత గ్రామఫోను స్ప్రింగు తెగిపోయింది, బాగుచేసేవాడు హిందూపురంలోనూ దొరకలేదు. కొత్త సెట్టుకు 78 స్పీడు ఉండింది. కానీ లక్క ప్లేటు గాడి వెడల్పు, దానికి లావు సూది కావాల. ఎల్పీ సూది పెడితే అడుగున కొట్టుకొని గరగరమంటుంది, సూదీ పాడవుతుంది. లావు సూది విడిగా కొనుక్కోవాల. చిన్నాయన ప్రతి బెంగుళూరు ప్రయాణానికీ కొత్త ఎల్పీ తెచ్చినాడు, ఆ సూది మాత్రం తేలేదు.

"ఏం రా, నా ప్లేట్లకు ఆ మిషను పనికిరాదా?" అని అవ్వ అడిగేదంట.

"నీ ప్లేట్లే మిషనుకు పనికిరావు అమ్మా," అని ఆయన జవాబు.

అవ్వ ప్లేట్లలో అన్నింటికంటే అరిగింది ఘంటసాల పాడిన పుష్పవిలాపం. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి పద్యాలు. పూజకు పూలు కోయబోతే పూలే తమ బాధ చెప్పుకుంటాయి. ఆ ప్లేటు విని పూలు కోయడం మానేసినవాళ్ళు ఉన్నారని చెప్తారు. అవ్వ మానలేదు. పొద్దున్నే కనకాంబరాలు కోసి, మాల గట్టి, మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ఆ ప్లేటు పెట్టుకొని ఒక్కతే కూర్చునేదని అమ్మ చెప్పింది. చుట్టాలకు ఆమె ఎన్నడూ పెట్టలేదు. ఒకసారి అమ్మ పెట్టబోతే "ఇప్పుడొద్దులే, వాళ్ళు మాట్లాడుకుంటా ఉంటారు" అనిందంట. స్టీరియో వచ్చినాక ఆమె బతికిన పదకొండేండ్లూ ఆ ప్లేటు ట్రంకులోనే ఉండింది.

ఆ పదకొండేండ్లలో స్టీరియోకూ కాలం చెల్లిపోయింది. టేపురికార్డరు వచ్చింది, క్యాసెట్టు ఎక్కడ పడితే అక్కడ దొరికింది, శంకరాభరణం పాటలు మన ఇంట్లో ఎల్పీగా ఒకటి, క్యాసెట్లుగా మూడు. తిన్నె మీదివాళ్ళే సొంత టేపురికార్డర్లు కొనుక్కున్నారు. డబ్బాలు గోతాముల్లోకి పోయినాయి.

నేను బెంగుళూరులో పాత సామాన్ల దగ్గర వెతికి ఒక లావు సూది సంపాదించినాను. పుష్పవిలాపం పెడితే గరగర మధ్యలో ఘంటసాల ఉన్నాడు, లేత గొంతు. గరగర ఎక్కువ, అరుగుదల మన అవ్వది.

తిన్నె సంగతి చిన్నాయనకు ఫోనులో చెప్పినాను. ఎనభై దాటినారు, చెవి సరిగ్గా వినపడదు, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఏ కిటికీ?" అని అడిగినారు. వీధి కిటికీ అన్నాను. "బ్యాలెన్సు బిరడా ఉండింది కదరా దానికి," అన్నారు. ఇంకాసేపు ఆగి, "మోనో అని ఒక బటను కూడా ఉండింది. అది నొక్కితే అంతా రెండిట్లోనూ వచ్చేది. సెట్టు గొప్పతనం పోతుందని నొక్కలేదు," అన్నారు.

రాయదుర్గం–తుమకూరు రైలు లైను మన పావగడ మీదుగానే వేస్తా ఉన్నారు. శ్రావణ శనివారాల్లో శనిమహాత్ముడి గుడికి చిన్నాయన వస్తానన్నారు. అప్పటికి సెట్టు బాగుచేయించి పెట్టమన్నారు, ఒక డబ్బాకు పొడుగు వైరు వేయించమని కూడా చెప్పినారు, తిన్నె దాకా వచ్చేటట్టు. మామకు కూడా చెప్పినాను. "రైలు పోతుందేమో చూస్తాలే," అన్నాడు.

ఇంకొక్క మాట. తిరుమల దేవస్థానంవాళ్ళు సుబ్బులక్ష్మిగారి చేత పాడించిన బాలాజీ పంచరత్నమాల అయిదు ఎల్పీలు మన ఇంట్లో ఉండాల. ట్రంకులో నాలుగే ఉన్నాయి, మూడోది లేదు. పెండ్లిండ్లకో, వ్రతాలకో ఎవరైనా తీసుకుపోయి ఉంటే శ్రావణానికి వచ్చేటప్పుడు తెచ్చి పెట్టండి, ఎవరు తీసుకుపోయినారని అడగను.